చెప్పులు విప్పించిన ఫోటో

ఒక చలికాలం మా బడికి పట్నం నుంచి కొందరు దుప్పట్లు పంచడానికి వచ్చారు. దుప్పట్లు మంచివే. ఆ రాత్రి పిల్లలు వెచ్చగా పడుకున్నారు, ఆ మాట ముందే చెప్పాలి. పంచడం అయ్యాక ఫోటో అన్నారు. పిల్లలను వరసగా నిలబెట్టాం. కెమెరా పట్టుకున్నాయన ఒక పిల్ల దగ్గర ఆగాడు. ఆ పిల్ల కాళ్ళకు ఎర్రటి కొత్త చెప్పులున్నాయి. పత్తి అమ్మిన డబ్బుతో వాళ్ళ నాయన అంగట్లో కొన్నవి. "చెప్పులు తీసేస్తే ఫోటో బాగుంటుంది సార్" అన్నాడు. మేము ఎదురు చెప్పలేదు. "చెప్పులు ఇడువు బిడ్డా" అని మేమే అన్నాం. ఆ పిల్ల చెప్పులు విడిచి, గోడ పక్కన జత సరిచేసి పెట్టి, వచ్చి నిలబడింది. నవ్వండి అన్నారు. అందరూ నవ్వారు. ఆ పిల్ల మాత్రం చెప్పుల దిక్కు చూసింది.

కొన్నాళ్ళకు ఆ ఫోటో అచ్చయి వచ్చింది. కింద "అడవి బిడ్డల కళ్ళల్లో ఆనందం" అని రాసి ఉంది. పిల్ల పేరు లేదు. ఊరి పేరు లేదు. దుప్పటి ఇస్తున్నాయన పేరు మాత్రం ఇంటిపేరుతో సహా ఉంది.

ఆ తప్పులో సగం మాది. అందుకే ఈ వ్యాసం రాస్తున్నాం. కెమెరా అబద్ధం చెప్పదని చాలామంది అంటారు. మేమూ చాలా కాలం అదే నమ్మాం. చెప్పులు లేని ఆ కాళ్ళు అబద్ధం కాదు, ఆ నిమిషానికి అవి నిజంగానే ఉత్త కాళ్ళు. కానీ ఆ నిజాన్ని తయారుచేసి మరీ తీశారు. ఫోటో అంటే దొరికిన నిజం కాదు, ఎంచుకున్న మాట. ఆ మాటకు ఒక వ్యాకరణం ఉంది. ఆ వ్యాకరణం మనకు రానంత కాలం మన గురించి వాక్యాలు ఇంకొకరే రాస్తారు. మనం నవ్వమంటే నవ్వుతూ నిలబడతాం.

చెప్పులు విప్పించడం మా ఊళ్ళో పుట్టిన పని కాదు. అమెరికాలో ఎడ్వర్డ్ కర్టిస్ అనే ఫోటోగ్రాఫర్ అక్కడి మూలవాసుల ఫోటోలు వేల సంఖ్యలో తీసి, పెద్ద పెద్ద సంపుటాలుగా అచ్చువేశాడు. వాటిలో 1910 నాటి ఒక ఫోటోలో పీగన్ తెగకు చెందిన తండ్రీ కొడుకులు తమ గుడారంలో కూర్చుని ఉంటారు. అసలు నెగటివ్‌లో వాళ్ళిద్దరి మధ్య ఒక అలారం గడియారం ఉంది. అచ్చయిన ఫోటోలో గడియారం లేదు, చెరిపేశారు. ఎందుకు? గడియారం ఉన్న మనిషి ఈ కాలపు మనిషి. చూసేవాళ్ళకు కావలసింది అంతరించిపోతున్న మనిషి. అమెరికాలో గడియారం పోయింది, మా బడిలో చెప్పులు పోయాయి. నూరేళ్ళు గడిచినా పని అదే.

మన దేశంలోనూ ఈ చరిత్ర పాతదే. 1857 తిరుగుబాటు తర్వాత తెల్లదొరలు తాము ఏలుతున్న జనాన్ని ఫోటోలుగా పట్టుకోవడం మొదలుపెట్టారు. 1868 నుంచి 1875 వరకు "పీపుల్ ఆఫ్ ఇండియా" అనే పేరుతో ఎనిమిది సంపుటాలు వచ్చాయి. అందులో మనిషికి పేరు కన్నా జాతి ముఖ్యం, ఆ జాతి నమ్మదగినదా కాదా అన్నది ఇంకా ముఖ్యం. అదే కాలంలో, 1869లో, లండన్‌లో జాన్ లాంప్రే అనే ఆయన గళ్ళ తెర ముందు మనుషులను బట్టలు లేకుండా నిలబెట్టి, ఒళ్ళు కొలవడానికి వీలుగా ఫోటో తీసే పద్ధతి చెప్పాడు. 1890లలో అండమాన్‌లో పోర్ట్‌మన్ అనే అధికారి అక్కడి ఆదివాసులను అలాగే గళ్ళ తెర ముందు నిలబెట్టాడు. గళ్ళు ఎందుకో టీచర్లకు వేరే చెప్పనక్కరలేదు. గ్రాఫు కాగితం మీద పెట్టేది కొలవాల్సిన వస్తువును. మాట్లాడాల్సిన మనిషిని అక్కడ పెట్టరు.

తెల్లదొరలు పోయారు, తెర పోలేదు. అదే అండమాన్‌లో జారవా స్త్రీల చేత తిండి ఆశ చూపి నాట్యం చేయించిన వీడియో 2012లో బయటపడి దేశమంతా గగ్గోలైంది. జారవాలను ఫోటో తీయడం చట్టప్రకారం నేరం. అయినా కెమెరా ముందు ఆదివాసి ఎగరాలి అన్న కోరిక చట్టాన్ని దాటుకుని పోయింది. ఆ వీడియో చూసి అయ్యో అనుకున్న మనం, మన బడికి ఎవరైనా పెద్దవారు వస్తే ఏం చేస్తున్నాం? పాఠం ఆపి, ఆడపిల్లలకు చీరలు కట్టించి, వరసగా నాట్యానికి నిలబెడుతున్నాం. ఆశ చూపింది బిస్కెట్టు కాకపోవచ్చు. ఒక మంచి మాట కావచ్చు, ఒక శాంక్షన్ కావచ్చు.

ఇక్కడ ఒక సంగతి నిజాయితీగా చెప్పుకోవాలి. మా ఆదిలాబాద్ అడవుల్లోకి 1940లలో హైమన్‌డార్ఫ్ వచ్చాడు. మర్లవాయిలో ఉన్నాడు. 1948లో రాజ్‌గోండుల మీద పుస్తకం వేశాడు. ఆయన తీసిన ఫోటోలు లండన్‌లో సోయాస్ అనే విద్యాసంస్థ దగ్గర ఉన్నాయి. అవి బయటివాడు తీసినవే, నిజాం కొలువులో ఉన్నవాడు తీసినవే. అయినా మా పిల్లలు ఫోన్లో వాటిని చూసి "ఇది మా తాత కాలం నాటి కడియం లెక్కనే ఉంది" అని మురిసిపోతారు. కాబట్టి బయటివాడి ఫోటో అంతా చెడ్డదని మేము అనం. మా బాధ వేరు. మా తాతలను చూడాలంటే లండన్ పెట్టె తెరవాలి. ఇప్పుడు మన చేతిలో ఫోన్ ఉంది. ఎనభై ఏళ్ళ తర్వాత మన మనవలు మనల్ని చూడడానికి ఎవరి పెట్టె తెరవాలి?

పట్నం కాలేజీల్లో విజువల్ కమ్యూనికేషన్ అనే చదువు ఉంది. బొమ్మ మాట ఎలా చెబుతుందో నేర్పే చదువు. మేము టీచర్ ట్రైనింగ్ చేసిన రోజుల్లో చార్టు ఎలా అంటించాలో నేర్పారు, ఎన్ని అడుగుల దూరానికి కనిపించాలో నేర్పారు. చార్టు మీది బొమ్మ మన గురించి ఏమంటోందో అడగడం మాత్రం నేర్పలేదు. తర్వాత సొంతంగా వెతుక్కుని చదివాం. చదివాక అనిపించింది: ఇది పట్నపోళ్ళ చదువు కాదు, మనకే ముందు కావలసిన చదువు.

ఫ్రాన్సులో రోలాండ్ బార్త్ అనే ఆయన 1964లో ఒక వ్యాపార ప్రకటనను తీసుకుని వ్యాసం రాశాడు. ఒక వల సంచి, అందులో పాస్తా పొట్లాలు, టమాటాలు, ఉల్లిగడ్డలు, మిరపకాయలు. బొమ్మ మొదటి మాట ఇదే: కూరగాయలూ పొట్లాలూ. కానీ చూసిన ఫ్రెంచివాడికి రెండో మాట వినిపిస్తుంది: ఇప్పుడే అంగడి నుంచి తెచ్చిన తాజా సరుకు, అచ్చమైన ఇటలీ వంట. సరుకు అమ్మేది మాత్రం ఫ్రాన్సు కంపెనీయే. బొమ్మలో ఏముంది అన్నది ఒక అర్థం. దాన్ని చూసి ఏమనుకుంటారు అన్నది రెండో అర్థం. వ్యాపారమంతా రెండోదానిలోనే.

ఇప్పుడు రోడ్డు పక్క పర్యాటక హోర్డింగు చూడండి. జలపాతం, దాని ముందు నెమలి ఈకల కిరీటం పెట్టుకున్న గుస్సాడి. మొదటి అర్థం: ఒక మనిషి, ఒక నీళ్ళ ధార. రెండో అర్థం: ఇక్కడ కాలం నడవలేదు, వచ్చి చూసి పొండి. గుస్సాడి దీక్ష ఆ బొమ్మలో లేదు. దండారి అంటే ఒక ఊరు ఇంకో ఊరికి చుట్టమై పోవడం అన్న సంగతి లేదు. కొలబోడితో ఆ దీక్ష ముగుస్తుందన్న సంగతి లేదు. మర్లవాయి కనక రాజు గారికి గుస్సాడి కళకు 2021లో పద్మశ్రీ వచ్చింది. మాకు గర్వమే. వేదిక మీద గుస్సాడి తప్పని మేము అనడం లేదు. పేరుతో, ఊరుతో, గౌరవంతో నిలబడ్డ గుస్సాడి వేరు, జలపాతం పక్కన అలంకారంగా నిలబెట్టిన గుస్సాడి వేరు అంటున్నాం.

1996లో గుంథర్ క్రెస్, థియో వాన్ లీవెన్ అనే ఇద్దరు బొమ్మలకు వ్యాకరణం రాశారు. ఆస్ట్రేలియా బడి పుస్తకంలో అక్కడి ఆదిమవాసులను ఎలా చూపించారన్నది కూడా వాళ్ళ ఉదాహరణల్లో ఉంది. వాళ్ళు చెప్పినవాటిని, బార్త్ చెప్పినదాన్ని కలిపి మేము మా తరగతికి ఐదు ప్రశ్నలుగా చేసుకున్నాం. ఫోన్ పైకెత్తే ముందు అడగాల్సిన ప్రశ్నలివి.

మొదటిది కన్ను. ఫోటోలోని మనిషి మనవైపు చూస్తుంటే మనల్ని ఏదో అడుగుతున్నట్టు. చూడకపోతే మనం చూడడానికి పెట్టిన వస్తువు అయినట్టు. పని చేసుకునే మనిషి పనివైపే చూస్తుంది, అది తప్పు కాదు. కానీ ఒక పుస్తకం మొత్తంలో ఆఫీసరు మనవైపు చూస్తూ, ఆదివాసి ఎప్పుడూ పక్కకు చూస్తూ ఉంటే ఆ పుస్తకం ఒక మాట చెప్పినట్టే.

రెండోది ఎత్తు. పైనుంచి తీస్తే మనిషి చిన్నబోతాడు, కిందినుంచి తీస్తే పెద్దవాడవుతాడు, కంటి ఎత్తులో తీస్తే సమానం. తోటి టీచర్లారా, ఇప్పుడు మీ ఫోన్ తెరిచి చూడండి. రిపోర్టు కోసం మనం పంపే మధ్యాహ్న భోజనం ఫోటోలన్నీ నిలబడి తీసినవే. అన్నింటిలోనూ పిల్లల నడినెత్తులు, వంగిన మెడలు, పళ్ళేలు. మోకాళ్ళ మీద కూర్చుని ఒక్కటి తీయండి. అదే పిల్లవాడు, అదే పళ్ళెం. ముందు ఫోటోలో తిండి పెట్టించుకుంటున్నవాడు ఇందులో భోజనం చేస్తున్నవాడవుతాడు.

మూడోది దూరం. ముఖం దాకా వెళితే దగ్గరివాడు, నడుము దాకా వస్తే పరిచయస్తుడు, దూరంగా గుంపులో చూపిస్తే పరాయివాడు. మన ఫోటోలు రెండే దూరాల్లో ఉంటాయి. ఒకటి గుంపు నాట్యం, మరీ దూరం. రెండోది ముసలమ్మ ముడతల ముఖం, మరీ దగ్గర. మాట్లాడుకునే దూరంలో, పక్కింటి మనిషిలా, మనం ఎక్కడా లేం.

నాలుగోది అంచు. చట్రంలో ఏం ఉంచాం, ఏం బయటికి నెట్టాం? బైకు, డిష్ గొడుగు, పిల్ల చేతిలోని పాఠ్యపుస్తకం, ఎర్ర చెప్పులు ఇవన్నీ అంచు బయటికి పోతున్నాయి. బయటికి పోయినదే అసలు వార్త.

ఐదోది రాత. ఫోటో పది రకాలుగా అర్థమవుతుంది. కింద రాసిన మాట దాన్ని ఒక్క అర్థానికి కట్టేస్తుంది. అందుకే బార్త్ దాన్ని లంగరు అన్నాడు. "అమాయక గిరిజనులు" అని రాస్తే పట్టా కాగితం పట్టుకుని నిలబడ్డ మనిషి కూడా అమాయకుడైపోతాడు. పేరు, ఊరు, చేస్తున్న పని, తేదీ. ఈ నాలుగూ లేని రాత మనకొద్దు.

వెలుగు గురించి విడిగా చెప్పాలి, ఎందుకంటే ఇక్కడ మన పిల్లలు తమ ఒంటిని తామే తప్పు పడుతున్నారు. "మేం నల్లగుంటం, ఫోటోల మంచిగ రాం సార్" అంటారు. కాదు బిడ్డా, రానిది నీ ముఖం కాదు. కెమెరా తాను చూసినదంతా మధ్యరకం బూడిద రంగుకు తేవాలని చూస్తుంది. తెల్ల గోడ ముందు నిన్ను నిలబెడితే, గోడ వెలుగు తగ్గించబోయి నీ ముఖాన్ని చీకటి చేస్తుంది. కలర్ ఫిల్ము కాలంలో ఇంకా అన్యాయం. కోడాక్ కంపెనీ రంగులు సరిచూసుకోవడానికి స్టూడియోలకు పంపిన కార్డు మీద చాలా ఏళ్ళు తెల్ల అమ్మాయి బొమ్మే ఉండేది. దాన్ని "షర్లీ కార్డు" అనేవారు. గోధుమ రంగు ఛాయలు సరిగా రావడం లేదని చాక్లెట్ వాళ్ళు, చెక్క సామాను వాళ్ళు ఫిర్యాదు చేయడం కూడా ఫిల్ము మారడానికి ఒక కారణమని ఆ కంపెనీలో పనిచేసినవాళ్ళే తర్వాత చెప్పారు. నల్ల మనిషి ముఖం కన్నా చాక్లెట్ రంగు ముందు వినిపించింది.

మందు చిన్నదే. తెల్ల గోడకు దూరంగా రండి. మిట్ట మధ్యాహ్నం ఎండలో కాకుండా చెట్టు నీడ అంచున, ముఖం వెలుగువైపు ఉండేలా నిలబెట్టండి. ఫోన్ తెర మీద ముఖాన్ని వేలితో తాకి, వెలుగు కొంచెం పెంచండి. అంతే. ఒంటి రంగు ఉన్నది ఉన్నట్టు, మెరుస్తూ వస్తుంది. తమ్ముళ్ళూ చెల్లెళ్ళూ, బ్యూటీ ఫిల్టరు పెట్టి ముఖం తెల్లగా చేసుకుని స్టేటస్ పెట్టే అలవాటు మానండి. కర్టిస్ గడియారం చెరిపాడు. మనం మన ముఖాన్నే చెరుపుకుంటున్నాం.

మాతో వాదించేవాళ్ళు ఉన్నారు. "మాస్టారూ, పోడు పట్టాలు, ఖాళీ పోస్టులు, జ్వరాలు ఇన్ని ఉండగా ఫోటోల గోల ఏంది?" అంటారు. ఆ గొడవలన్నిటిలోనూ ఫోటో ఉంది కదా. అమాయకుడిగా కనిపించినవాడికి దుప్పటి ఇస్తారు, భూమి ఇవ్వరు. హక్కు అడిగేవాడి ముఖం వాళ్ళు చూడాలంటే ముందు ఆ ముఖం కంటి ఎత్తులో, పేరుతో, ఎదురుగా చూస్తూ అచ్చులోకి రావాలి. ఇంకొందరు "అసలు కెమెరాలనే రానీయొద్దు" అంటారు. దేవుడి గదిలోకి, దీక్షలోకి రానీయొద్దు, నిజమే. ఏది చూపాలో ఏది చూపరాదో పటేల్, కటోడా, ఊరి పెద్దలు చెప్పిందే మాట. కానీ ఊరంతటికీ తలుపు మూస్తే మనమూ చీకట్లోనే ఉంటాం. ఇంకా కొందరు "ఫోన్ ఉంటే చాలు, సిద్ధాంతం ఎందుకు" అంటారు. పలక ఉన్నంత మాత్రాన అక్షరం వస్తుందా?

స్టూవర్ట్ హాల్ అనే ఆయన 1973లో ఒక మంచి మాట చెప్పాడు. పంపినవాడు అనుకున్న అర్థాన్నే చూసేవాడు తీసుకోవాలని లేదు. ఒప్పుకోవచ్చు, కొంత ఒప్పుకుని కొంత కాదనవచ్చు, పూర్తిగా ఎదురు చదవవచ్చు. ఎదురు చదవడం మన తరగతిలో మొదలుకావాలి. పాఠ్యపుస్తకంలో ఆదివాసి బొమ్మ వచ్చినప్పుడు కింది రాతను చేత్తో మూసి, "ఏం కనిపిస్తోంది? ఏం కనిపించడం లేదు? ఎవరు తీసి ఉంటారు, ఎక్కడ నిలబడి?" అని అడగండి. రెండో రోజు బడి ఫోన్ పిల్లల చేతికే ఇచ్చి ఒకే మనిషిని మూడు ఎత్తుల నుంచి, మూడు దూరాల నుంచి తీయమనండి. తీసే ముందు అడగాలని, వద్దంటే ఆగిపోవాలని, తీశాక వాళ్ళకు చూపించాలని నేర్పండి. ఖర్చు లేదు, ట్రైనింగ్ లేదు, ఒక్క పీరియడ్ చాలు.

మేము అలా చేసిన రోజు ఐదో తరగతి పిల్లవాడొకడు వాళ్ళ నాయనమ్మ ఫోటో తెచ్చాడు. ఆమె ఇప్పపువ్వు బుట్ట ముందు కూర్చుని ఉంది. వాడూ నేల మీద కూర్చునే తీశాడు. ఆమె నవ్వడం లేదు, నేరుగా మనవైపు చూస్తోంది, కొంచెం కోపంగా. వెనుక దండెం మీద వాడి బడి చొక్కా ఆరేసి ఉంది. కింద పేరు, ఊరు రాసి, దాని కింద వాడే ఇలా రాశాడు: "మా నాయనమ్మ తెల్లారకముందే లేచి ఏరింది. ఫోటో ఎందుకురా, పువ్వు ఎండబెట్టు అని తిట్టింది." మన గురించి అచ్చయిన ఏ ఫోటో కింద రాతా ఇంత నిజంగా లేదు.

దుప్పట్లు ఇచ్చేవాళ్ళు మళ్ళీ వస్తారు, రావాలి కూడా, చలి ఉంది. ఫోటో అడుగుతారు, తీసుకోనిద్దాం. కానీ ఈసారి పక్కన నిలబడే టీచరు నోరు తెరవాలి. కూర్చుని తీయండి అనాలి. పిల్ల పేరు రాసుకోండి అనాలి. చెప్పులు తీయమంటే, తీయదు అనాలి. ఆ రోజు ఆ మాట మేము అనలేదు. ఆ పిల్ల ఇప్పుడు పెద్దదై కాలేజీలో చదువుతోంది. అచ్చులో మాత్రం ఇంకా ఉత్త కాళ్ళతోనే నిలబడి ఉంది.